పెరటి కొలనులో గుళికల మేత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు పడ్డాక పెరటి కొలనుల గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ముప్పాతిక వంతు మేత గురించే కాబట్టి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: ఇంటి వెనక పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున సిమెంటు కొలను కట్టించాం. ఎనిమిది అంగుళాల కోయి చేపలు పన్నెండు ఉన్నాయి. రోజుకు మూడుసార్లు రెండేసి గుప్పెళ్లు తేలే గుళికలు వేస్తున్నాం. మనిషి నీడ పడితే చాలు, గుంపుగా వచ్చి నోళ్లు తెరుస్తాయి. పాపం ఆకలిగా ఉన్నాయేమోనని వేస్తూనే ఉంటాం. నీళ్ల మీద నురగ కడుతోంది, నీచు వాసన వస్తోంది. వారానికోసారి సగం నీళ్లు మార్చినా మూడో రోజుకు మళ్లీ అంతే. అసలు ఎంత వేయాలి?
– సైనిక్‌పురి

జవాబు: కోయి అంటే మన బంగారుతీగ జాతే. రంగుల కోసం జపాన్‌లో తరాల తరబడి ఎంచి పెంచిన రకం. ఈ కుటుంబపు చేపలకు జీర్ణాశయం ఉండదు. గొంతు దిగిన మేత నేరుగా పేగులోకి పోతుంది, దాచుకునే చోటు లేదు. ఒకేసారి ఎక్కువ వేస్తే అరిగీ అరగకుండానే బయటికొస్తుంది. అందుకే వీటికి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు వేయాలి. ఇక నోరు తెరవడం ఆకలికి గుర్తు కాదు. నీడ పడితే మేత పడుతుందని అవి నేర్చుకున్నాయి, అంతే. మేత వేసిన పది నిమిషాలకు మళ్లీ గట్టు మీద నిలబడి చూడండి, మళ్లీ అలాగే వస్తాయి.

మేత లెక్క చేపల మొత్తం బరువును బట్టి. బకెట్‌లో సగం నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. మెత్తటి చేతివలతో మూడు నాలుగు చేపల్ని ఒక్కొక్కటిగా అందులోకి దించి తూచి, సగటును చేపల సంఖ్యతో హెచ్చవేయండి. తూచే వీలు లేకపోతే పొడవును బట్టి అటూఇటూగా అంచనా వేయొచ్చు: ఆరు అంగుళాల కోయి 60 గ్రాములు, ఎనిమిది అంగుళాలది 140, పది అంగుళాలది 270, అడుగు పొడవుది 450. ఈ లెక్కన మీ చేపలన్నీ కలిపి కిలో ఏడు వందల గ్రాములు. నీళ్లు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఈ సైజు కోయికి రోజుకు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు చాలు. అంటే 35 గ్రాములు, పూటకు 12 గ్రాముల చొప్పున మూడు పూటలు. 3 మిల్లీమీటర్ల గుళికలు గుప్పెడు తూచి చూడండి, 30 గ్రాములకు తగ్గవు. ఆరు గుప్పెళ్లంటే 200 గ్రాముల దగ్గరికి వస్తుంది. ఇది అవసరానికి ఐదారు రెట్లు.

ఆ మిగులు ఏమవుతుందో చూడండి. మాంసకృత్తుల్లో నూటికి 16 పాళ్లు నత్రజని. ఒంటికి పట్టింది పోగా మిగతాదాన్ని చేప ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వదులుతుంది. తినకుండా మిగిలిన గుళికలు అడుగున కుళ్లి అక్కడా అదే తయారవుతుంది. చేపల పెంపకంలో వాడే లెక్క ఇది: మేత బరువును అందులోని మాంసకృత్తుల వంతుతో, తర్వాత 0.092తో గుణించాలి. 35 శాతం మాంసకృత్తులున్న మేత 200 గ్రాములు వేస్తే రోజుకు సుమారు ఆరున్నర గ్రాముల అమ్మోనియా నత్రజని. మీ కొలను 150 ఘనపుటడుగులు, ఒక్కోదానికి 28.3 లీటర్ల చొప్పున 4,200 లీటర్లు. లీటరుకు రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు చేరుతున్నట్టు. అదే 35 గ్రాములు వేస్తే 0.27 మిల్లీగ్రాములు. చిన్నపాటి ఫిల్టరు దాన్ని సర్దుకోగలదు, ఒకటిన్నరను సర్దుకోలేదు. వారానికోసారి సగం నీళ్లు మార్చినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. నురగ, వాసన మితిమీరిన మేతవే.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఇక్కడ చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. నీటిలోని మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం పీహెచ్‌ను బట్టి మారుతుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8కి ఆరేడు పాళ్లు, 9కి నలభై పాళ్లు. ఎండ బాగా కాసిన పచ్చటి కొలనులో మధ్యాహ్నం మూడు గంటలకు పీహెచ్ 9 తాకడం మామూలే. పొద్దున పరీక్షిస్తే బాగానే ఉన్న నీళ్లు సాయంత్రానికి చేపల మొప్పల్ని కాల్చేది ఇలాగే. పరీక్ష కిట్ కొంటే అమ్మోనియా, పీహెచ్ రెండూ ఉన్నది కొని, మధ్యాహ్నం పరీక్షించండి.

ఇప్పుడు చేయాల్సింది: రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. చేపలకు ఏమీ కాదు. ఆ రెండు రోజుల్లో అడుగు మురికిని పైపు పెట్టి లాగేసి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. మూడో రోజు నుంచి పూటకు 6 గ్రాములు, వారం గడిచాక 12 గ్రాములు. చిన్న స్టీలు గిన్నెలో ఒకసారి 12 గ్రాములు తూచి ఎక్కడిదాకా వచ్చిందో గీత పెట్టుకుంటే రోజూ కాటా అక్కర్లేదు. ఇంట్లో ఎవరు వేసినా ఆ గిన్నెతోనే వేయాలి. అమ్మ వేసిందని తెలియక నాన్న, ఆ తర్వాత పిల్లలు వేయడం వల్ల పాడైన కొలనులే ఎక్కువ. రోజు మేతను పొద్దున్నే డబ్బాలో పోసి ఉంచితే, డబ్బా ఖాళీ అయ్యాక ఇంకెవరూ వేయరు.

ప్యాకెట్ల మీద ‘ఐదు నిమిషాల్లో తిన్నంత’ అని రాసి ఉంటుంది. దాన్ని కొలతగా పట్టుకోకండి. ఐదు నిమిషాల్లో కోయి తనకు కావలసినదానికి రెండు మూడు రెట్లు మింగగలదు. వేసిన 12 గ్రాములు ఐదు నిమిషాల్లో పూర్తికాకపోతే ఏదో తేడా ఉందని తెలుసుకోవడానికి మాత్రమే ఆ మాట పనికొస్తుంది. మిగిలిన గుళికల్ని వలతో తీసేసి, నీళ్లు పరీక్షించండి.

కొలనులో పోసేది నల్లా నీళ్లయితే క్లోరిన్ సంగతి మరవకండి. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న నీళ్లు వెయ్యి లీటర్లకు 7 గ్రాముల హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు, బకెట్ నీళ్లలో కరిగించి ముందుగా కలపాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ప్రాణవాయువు కూడా దాదాపు ఉండదు. పైపును పైనుంచి షవర్‌లా పడేటట్టు పెట్టండి.

ప్రశ్న: మా కొలనులో బొచ్చె, రవ్వ చేపలు అరకిలో దాకా ఎదిగాయి. నీళ్లు చిక్కటి ఆకుపచ్చ రంగు. వాన ముసురు పట్టిన మూడో రోజు తెల్లవారుజామున చేపలన్నీ పైకి తేలి నోళ్లతో గాలి పీల్చుకుంటున్నాయి. ఆకలేమోనని మేత వేస్తే ముట్టలేదు. రెండు చచ్చిపోయాయి.
– నాగోలు

జవాబు: అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. ఆ సమయంలో మేత వేయడం అన్నిటికన్నా చేటు. పచ్చదనం నిచ్చే నాచు కణాలు పగలు ఎండలో ప్రాణవాయువు విడుదల చేస్తాయి, రాత్రి చేపలతోపాటు అవీ పీల్చుకుంటాయి. సూర్యోదయానికి ముందు ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది. రెండు మూడు రోజులు మబ్బు పడితే పగటి రాబడి తగ్గుతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. పైగా జోరువాన చల్లటి నీళ్లు కిందికి దిగి అడుగు బురదను కదిలిస్తాయి. ఆ బురద కూడా ప్రాణవాయువును తినేస్తుంది.

మేత తిన్న చేపకు అరిగించుకోవడానికి మామూలుకన్నా ఎక్కువ ప్రాణవాయువు కావాలి, ఆ అవసరం కొన్ని గంటలపాటు ఉంటుంది. రాత్రి ఏడు గంటలకు కడుపునిండా వేస్తే ఆ భారం సరిగ్గా కొరత వేళ మీద పడుతుంది. అందుకని మొదటి మేత ఎండ పడ్డాక, తొమ్మిది దాటాక. చివరిది సాయంత్రం నాలుగున్నరలోపు. మబ్బు రోజున సగం. ముసురు పట్టిన రోజున అసలు వద్దు. చేపలు పైకి తేలి గాలి మింగిన రోజున, ఆ మర్నాడు కూడా వద్దు.

తేలిన వెంటనే మోటారు పెట్టి ఆ కొలను నీళ్లనే తోడి మూడు నాలుగు అడుగుల ఎత్తునుంచి జల్లుగా పడేటట్టు చేయండి. వీలైతే పావు వంతు కొత్త నీళ్లు ఎక్కించండి. కరెంటు పోయే వీధిలో ఉంటే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. దాని ఖర్చు రెండు చేపల ధరకన్నా పెద్ద ఎక్కువేం కాదు.

పచ్చదనం ఎంతుంటే మేలో కొలిచే సులువు ఒకటి. తెల్లటి సాసర్‌కు దారం కట్టి మధ్యాహ్నం వేళ నీటిలోకి దించండి. 30, 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే బాగుంది. బొచ్చెకు ఆ నీటిలోనే సగం తిండి ఉన్నట్టు, ఎందుకంటే అది పైనీటిలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తినే చేప. 20 సెంటీమీటర్లలోపే సాసర్ కనబడకపోతే మేత ఆపి నీళ్లు మార్చండి. మీ కొలను ఈ స్థితిలోనే ఉండి ఉంటుంది.

ప్రశ్న: తేలే గుళికలు గాలికి కొట్టుకుపోయి తామర కుండీల్లో, ఫిల్టరు నోట్లో చేరుతున్నాయి. ఏం చేయాలి?
– కొంపల్లి

జవాబు: అర అంగుళం పీవీసీ పైపును రెండేసి అడుగుల ముక్కలు నాలుగు, ఎల్బోలు నాలుగు తీసుకోండి. చతురస్రంగా బిగించి ప్రతి కీలుకూ సాల్వెంట్ సిమెంట్ పూయండి. ఒక్క కీలు వదిలినా పైపులోకి నీళ్లు చేరి చట్రం మునుగుతుంది. ఒకరోజు ఆరనిచ్చి, బకెట్ నీళ్లలో ఒక్కొక్క మూల ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసి కొలనులో వేయండి. ఎదురెదురు మూలలకు నైలాన్ దారాలు కట్టి గట్టుకు బిగించండి. వానకు నీటిమట్టం పెరిగినా చట్రం తేలేలా దారానికి అరడుగు వదులు ఉండాలి. మేత ఈ చట్రంలోపలే వేయాలి. తిన్నదెంత, మిగిలిందెంత అన్నది కళ్ల ముందే కనబడుతుంది, మిగులును వలతో తీయడం తేలిక. పెద్దవి చిన్నవాటిని తోసేస్తుంటే రెండో చట్రం కొలను అవతలి చివర వేసి, రెండింటిలో ఒకేసారి చల్లండి.

గుళిక సైజు చేప నోటిలో సగానికి మించకూడదు. నాలుగైదు అంగుళాల చేపలకు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, ఎనిమిది అంగుళాలవాటికి 3, అడుగు దాటితే 4 నుంచి 6. అన్ని సైజులూ కలిసి ఉంటే చిన్నదానికి సరిపోయే గుళికే వేయండి. పెద్ద చేప చిన్న గుళిక తినగలదు, చిన్న చేప పెద్ద గుళిక తినలేదు.

ప్రశ్న: గుళ్లో కోనేటి చేపలకు మరమరాలు వేస్తాం కదా. ఇంట్లో చేపలకు కూడా అవే, మిగిలిన చపాతీ, బ్రెడ్డు వేస్తే తప్పేమిటి?
– అంబర్‌పేట

జవాబు: కోనేరు పెద్దది, అక్కడ చేపలకు వేరే తిండీ దొరుకుతుంది. ఇంటి కొలనులో మీరు వేసిందే వాటి బతుకు. మరమరాల్లో దాదాపు అంతా పిండిపదార్థమే. ఎదగడానికి కావలసిన మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు లేవు. వాటిమీదే పెంచితే పొట్ట ఉబ్బి వెన్ను సన్నబడుతుంది. బ్రెడ్డు, చపాతీ నీటిలో విడిపోయి గంటలో పిండిగా మారతాయి, నూనె తెట్టు కడుతుంది. పండుగనాడు పిల్లల సరదాకు ఒక చిన్న గుప్పెడు మరమరాలు వేస్తే నష్టం లేదు, ఆ పూట గుళికలు మానేయండి. ఉడికిన బఠాణీ పొట్టు తీసి నలిపి, తోటకూర లేదా పాలకూర ఆకు సన్నగా తరిగి వారానికి ఒకటి రెండుసార్లు వేయడం మంచిదే. నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లా దొరికితే మరీ మంచిది. కాకపోతే అందులో నూటికి తొంభైకి పైగా నీరే కాబట్టి దాన్ని గుళికలకు బదులుగా లెక్కపెట్టకండి.

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర తోటలో ముప్ఫై అడుగులు ఇరవై అడుగులు, నాలుగడుగుల లోతు గుంట తవ్వించాం. రవ్వ, బొచ్చె, బంగారుతీగ వేయాలనుకుంటున్నాం. గుళికల బస్తా ధర చూస్తే భయమేస్తోంది. తవుడు, పల్లీచెక్క వేస్తే సరిపోదా? కోళ్లఫారం నుంచి దాణా కూడా చవకగా వస్తుంది.
– మెహదీపట్నం

జవాబు: కోళ్ల దాణా వద్దు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పెంకు కోసం సున్నం ఎక్కువ వేస్తారు. అది చేపకు అక్కర్లేదు. పైగా ఆ గుళికలు నీటిలో పడ్డ కొద్దిసేపటికే విడిపోతాయి.

తవుడు, చెక్క మాత్రం పనికొచ్చేవే. కొల్లేరు ప్రాంతపు చేపల రైతులు నూనె తీసిన తవుడుతోనే ఏళ్లుగా పెంచారు. వాళ్లు దాన్ని నీళ్లలో చల్లరు. అడుగు భాగంలో చిల్లులు పెట్టిన సంచిలో నింపి కర్రకో తాడుకో వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పీల్చుకుని తింటాయి, వృథా తగ్గుతుంది. మీరూ అలాగే చేయొచ్చు. నూనె తీసిన తవుడు మూడు పాళ్లు, పల్లీచెక్క ఒక పాలు కలిపితే మాంసకృత్తులు 20 శాతానికి కాస్త పైన వస్తాయి. చెక్కను రాత్రంతా నానబెట్టి కలపాలి. బూజు పట్టిన, ముక్క వాసన వచ్చే చెక్కను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. పల్లీ బూజులోని అఫ్లటాక్సిన్ చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడకబెట్టినా పోదు.

ధర సంగతికొస్తే, బస్తాకు బస్తా పోల్చకండి. 28 శాతం మాంసకృత్తులున్న తేలే మేతను తూచి వేస్తే కిలో చేప ఎదగడానికి దాదాపు కిలోన్నర పడుతుంది. తవుడు, చెక్క అయితే అంతకు రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి. ఆ తేడా అంతా మీ గుంట అడుగున చేరుతుంది. నాలుగడుగుల లోతు, 56 చదరపు మీటర్ల గుంటలో గాలి యంత్రం లేకుండా 50, 60 చేపలకు మించి వేయకండి. మొదటి మూడు నెలలు గుళికలు, తర్వాత పొద్దున గుళికలు, సాయంత్రం తవుడు సంచి: మా సలహా ఇది. చేప 50 గ్రాముల దాకా ఒంటి బరువులో 5 శాతం, 200 గ్రాముల దగ్గర 3 శాతం, అరకిలో దాటాక ఒకటిన్నర నుంచి 2 శాతం. పదిహేను రోజులకోసారి విసురు వలతో పది చేపలు పట్టి తూచి లెక్క సరిచేయాలి. అడుగున మేసే బంగారుతీగ తేలే మేతకు అలవాటు పడటానికి వారం పదిరోజులు పడుతుంది. ఎప్పుడూ ఒకే వేళకు, ఒకే మూలలో వేస్తే అదే పైకి వస్తుంది.

ప్రశ్న: కొత్త కొలనులో చేపలు వేసి మూడు వారాలైంది. మేత కొంచెమే వేస్తున్నాం, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా రోజుకొకటి చస్తోంది. చేపలు అమ్మిన దుకాణంవారు మేత మార్చమంటున్నారు.
– మియాపూర్

జవాబు: మేత మార్చి లాభం లేదు. నీళ్లు తేటగా కనబడటానికీ శుభ్రంగా ఉండటానికీ సంబంధం లేదు, అమ్మోనియాకు రంగుండదు. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడో వారంలో సాధారణంగా నైట్రైట్ పెరుగుతుంది. అది రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తిని దెబ్బతీస్తుంది. చచ్చిన చేప మొప్పలు ఎర్రగా కాకుండా చాక్లెట్ రంగులో ఉంటే కారణం అదే.

మేత వారం రోజులు ఆపండి. వెయ్యి లీటర్లకు కిలో చొప్పున దొడ్డుప్పును బకెట్లో కరిగించి, రెండు మూడు విడతలుగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. కొలనులో మొక్కలుంటే ఉప్పు సగమే వేయండి. తర్వాత నెల రోజులు ఒంటి బరువులో అర శాతం మేత, అదీ రోజు విడిచి రోజు. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే పెంచండి. ఫిల్టరు స్పాంజిని నల్లా కింద కడగకండి. క్లోరిన్ తగిలితే ఆ సూక్ష్మజీవులు చచ్చి కథ మొదటికొస్తుంది. కొలను నీళ్లే బకెట్లో తీసుకుని అందులో పిండండి. సిమెంటు కొత్తదైతే పీహెచ్ కూడా చూడండి. సరిగ్గా నానబెట్టి కడగని సిమెంటు నుంచి సున్నం దిగి పీహెచ్ 9 దాటొచ్చు.

ప్రశ్న: 20 కిలోల మేత బస్తా కొంటే చవకగా పడుతోంది, ఆరు నెలలు వస్తుంది. వానాకాలంలో ముద్దకట్టింది. ఈమధ్య రెండు పిల్ల చేపలకు నడుము వంకర తిరిగింది. దీనికీ దానికీ సంబంధం ఉందా?
– వనస్థలిపురం

జవాబు: ఉండే అవకాశం చాలా ఉంది. మేతలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది విటమిన్ సి. వేడి, తేమ తగిలిన బస్తాలో అది నెలల్లో సన్నగిల్లుతుంది. ఎదిగే చేపపిల్లలకు అది చాలకపోతే వెన్నెముక వంగుతుంది, ఆ వంకర మళ్లీ సరికాదు. ముద్దకట్టిన మేతను ఎండబెట్టి వాడదామనుకోకండి, పారేయండి.

తయారీ తేదీ చూసి మూడు నెలలలోపుది కొనండి. విప్పిన ప్యాకెట్ ఆరు వారాల్లో అయిపోవాలి. మీకు రోజుకు వంద గ్రాములు కావాలంటే నాలుగు కిలోల ప్యాకెట్ చాలు. పెద్ద బస్తా కొనాలంటే ఇద్దరు ముగ్గురు పంచుకోండి. గాలి చొరబడని డబ్బాలో పోసి, గచ్చుకు తగలకుండా చెక్క మీద, ఎండ పడని గదిలో పెట్టండి. డాబా మీది రేకుల షెడ్డు మేతకు చోటు కాదు, ఎండాకాలంలో అందులో చేతులు కాలే వేడి ఉంటుంది. తడి చేత్తో డబ్బాలో చెయ్యి పెట్టకూడదు.

ప్రశ్న: తెల్లటి కోయి గులాబీ రంగుకు తిరుగుతోంది. జబ్బా?
– బంజారాహిల్స్

జవాబు: రంగు పెంచే మేత ఎక్కువైంది. స్పిరులినా అనే నాచు, ఆస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం కలిపిన గుళికలు ఎరుపును ముదురు చేస్తాయి, మోతాదు మించితే తెలుపుకూ ఆ ఛాయ అంటుకుంటుంది. మామూలు మేతకు మారితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆ తర్వాత మూడు పూటల్లో ఒక పూట మాత్రమే రంగు మేత. ఎర్ర చారలు, పొలుసులు లేవడం, రెక్కలు ముడవడం కూడా ఉంటే అది వేరే సంగతి, నీళ్లు పరీక్షించండి.

ప్రశ్న: కొర్రమీనులు ఇరవై తెచ్చి తొట్టిలో వేశాం. గుళికల్ని తిరిగి చూడటం లేదు. తరచూ పైకొచ్చి గాలి మింగుతున్నాయి కూడా. మేత మానేయాలా?
– చార్మినార్

జవాబు: పైకి రావడం గురించి బెంగపడకండి. కొర్రమీనుకు తలలో గాలి పీల్చుకునే ప్రత్యేక అర ఉంది. నీళ్లు ఎంత బాగున్నా అది పైకొచ్చి గాలి తీసుకోవలసిందే. నాగోలు పాఠకులకు చెప్పింది దీనికి వర్తించదు.

మేత విషయం వేరు. కొర్రమీను వేటాడి తినే చేప. చెరువులో పట్టినవి కదలని గుళికను తిండిగా గుర్తించవు. పిల్ల దశలోనే గుళికకు అలవాటు చేసిన వాటినే హేచరీ నుంచి కొనాలి, అమ్మేచోటే మేత వేయించి చూసి తీసుకోవాలి. మీ దగ్గరున్నవాటికి రెండు రోజులు ఏమీ వేయకుండా, మూడో రోజు సాయంత్రం వెలుతురు తగ్గాక చిన్నగా తరిగిన చేప ముక్కలతో గుళికలు కలిపి వేయండి. రోజురోజుకూ ముక్కలు తగ్గించి గుళికలు పెంచుతూ పోవాలి. ముక్కలు మిగిలితే ఆ రాత్రే తీసేయాలి. మేత 40 శాతం పైగా మాంసకృత్తులున్న తేలే రకం అయి ఉండాలి, కోయి మేత చాలదు. సైజు తేడా ఉంటే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, కాబట్టి సైజులవారీగా వేరుచేయండి. తొట్టి మీద వల తప్పనిసరి. వాన చినుకు పడితే ఎగిరి గట్టు దాటుతుంది.

ప్రశ్న: చలికాలంలో మేత ఆపేయాలని విన్నాం. నిజమేనా?
– పటాన్‌చెరు

జవాబు: నీళ్లు గడ్డకట్టే దేశాల మాట అది. నీళ్లు 10 డిగ్రీలకు దిగితే ఈ చేపల పేగు దాదాపు పనిచేయదు, మన కొలనుల్లో అంత చలి రాదు. డిసెంబరు, జనవరిల్లో మీ వైపు తెల్లవారుజాము గాలి బాగా చల్లబడినా రెండున్నర అడుగుల నీళ్లు సాధారణంగా అంత త్వరగా చల్లబడవు. పొద్దున పదింటికి థర్మామీటరు పెట్టి చూడండి. 22 డిగ్రీలకు తగ్గితే మేత సగం, ఒకటే పూట, మధ్యాహ్నం పన్నెండుకు. 18కి తగ్గితే రోజు విడిచి రోజు.

మనకు అసలు గండం రోహిణి కార్తె. చిన్న సిమెంటు తొట్టిలో నీళ్లు 34, 35 డిగ్రీలు దాటుతాయి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలిగితే, 35 డిగ్రీల నీళ్లు 7 మాత్రమే పట్టుకోగలవు. చేప ఒంటి అవసరం మాత్రం వేడికి పెరుగుతుంది. ఏప్రిల్ నడుమ నుంచే కొలనులో సగానికి పైన షేడ్ నెట్ కట్టండి. ఎండాకాలంలో మాత్రం మేత పొద్దున ఏడు నుంచి ఎనిమిది మధ్య ఒకసారి, సాయంత్రం అయిదుకు కొద్దిగా. వేసవిలో గాలి పంపు రాత్రంతా నడిపేవారే ఈ సాయంత్రం మేత వేయాలి.

ప్రశ్న: సంక్రాంతికి ఊరెళితే పది రోజులు ఇంట్లో ఎవరూ ఉండరు. ఆటోమేటిక్ ఫీడర్ కొనమంటారా, వాచ్‌మన్‌కు చెప్పమంటారా?
– కూకట్‌పల్లి

జవాబు: రెండూ అక్కర్లేదు. ఆరు అంగుళాలు దాటిన ఆరోగ్యమైన కోయి, రవ్వ, బొచ్చె పది రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి, అందులోనూ జనవరి చల్లటి రోజులు. వాచ్‌మన్‌కు పెట్టాల్సిన పని మేత కాదు. రోజుకోసారి పంపు తిరుగుతోందా, నీటిమట్టం తగ్గిందా అని చూసి ఫోన్ చేయమనండి. తప్పక వేయించాలంటే మూడు రోజులకొకటి చొప్పున మూడు పొట్లాలు తూచి కట్టి ఇచ్చి, మేత డబ్బా ఇంట్లోపెట్టి తాళం వేసుకెళ్లండి.

చిన్న చేపపిల్లలుంటే మాత్రం ఫీడర్ పనికొస్తుంది. కొన్నాక ప్రయాణానికి వారం ముందే బిగించి, ఒక్కో విడతలో ఎన్ని గ్రాములు పడుతున్నాయో ప్లాస్టిక్ సంచి కింద పట్టి తూచండి. నీటికి అడుగున్నర పైన, వాన తగలని చోట ఉండాలి. ఆవిరికి నోటి దగ్గర గుళికలు అంటుకుపోయి ఆగిపోవడం, లేదా ముద్ద విడిపోయి మూడు రోజుల మేత ఒకేసారి పడటం వీటి సాధారణ జబ్బు. అందుకే డబ్బాను సగానికి మించి నింపకండి, బ్యాటరీలు కొత్తవి వేయండి. వచ్చాక మొదటి రోజు మామూలు మేతలో సగమే వేసి, ఫిల్టరు స్పాంజి చూసుకోండి.